ఆయన ఆపిన చోటు

రిటైరైన తర్వాత ఇంట్లో కుదురుగా కూర్చోవడం నా వల్ల కాలేదు. బడిలో ఇన్నేళ్ళు పిల్లల మీద అరిచిన గొంతు, ఉన్నట్టుండి ఊరుకోమంటే ఊరుకుంటుందా? కొన్నాళ్ళు పాలవాడి మీద అరిచాను. కొన్నాళ్ళు టీవీలో వార్తలు చదివే అమ్మాయికి ‘ళ’ పలకడం రాదని టీవీ మీద అరిచాను. మా అల్లూరు గ్రంథాలయం చూసుకునే ఆయన ఈ సంగతి ఎవరి దగ్గర విన్నాడో ఏమో, ఒకరోజు మా ఇంటికొచ్చాడు. "టీచరమ్మా, మధ్యాహ్నం పూట మా హాలు ఖాళీగానే ఉంటాది. చదువు రాని పెద్దోళ్ళు కొంతమంది అడగతా ఉండారు. మీరొచ్చి కూచుంటే నేర్చుకుంటారు," అన్నాడు. నేను బెట్టు చేయకుండా ఒప్పుకున్నాను.

పెద్దవాళ్ళకు చదువు చెప్పడం పిల్లలకు చెప్పినట్టు కాదని మొదటి వారంలోనే తెలిసింది. పిల్లవాడికి రాకపోతే రానట్టే కూర్చుంటాడు, దిక్కులు చూస్తాడు. పెద్దవాళ్ళు రాకపోయినా వచ్చినట్టు కూర్చుంటారు. బతుకంతా వాళ్ళు నేర్చుకున్నది అదే. కండక్టరు మొహం చూసి బస్సు గుర్తుపట్టడం, ఎవరైనా కాగితం చేతికిస్తే కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయానని చెప్పడం, రంగును బట్టి మాత్ర వేసుకోవడం. నా దగ్గరికొచ్చిన అందరికీ ఈ ఉపాయాలన్నీ వచ్చు. అక్షరాలు నేర్పడం కంటే వీటిని మానిపించడమే నాకు పెద్ద పని అయింది.

ఆమె వచ్చింది ఎండలు ముదురుతున్న రోజుల్లో. వయసు యాభై దాటి ఉంటుంది. ఊరి బయట రొయ్యల షెడ్డులో తలలు తీసే పని. తెల్లవారుతుండగానే షెడ్డు వ్యాను వచ్చి ఆడవాళ్ళను ఎక్కించుకుపోతుంది, మధ్యాహ్నానికి తెచ్చి వదిలిపెడుతుంది. ఐసు నీళ్ళలో నాని నాని ఆమె వేళ్ళ కొనలు ఎప్పుడూ తెల్లగా ముడతలు పడి ఉండేవి. నిమ్మచెక్కతో ఎంత రుద్దుకున్నా ఆ వాసన పూర్తిగా పోయేది కాదు. మొదటి రోజు ఆమె వచ్చి బెంచీ మీద కూర్చోగానే, రోజూ పేపరు చదవడానికొచ్చే పెద్దమనిషి ఒకాయన కుర్చీ ఈడ్చుకుంటూ కిటికీ దగ్గరికి పోయాడు. నాకు ఒళ్ళు మండింది. "ఏం సార్, మీ ఇంట్లో రొయ్యల ఇగురు చేసినప్పుడు కూడా ఇట్టాగే కంచం తీసుకుని కిటికీ కాడికి పోతారా?" అన్నాను. ఆయన పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆమె తల దించుకుని నవ్వింది. ఆ నవ్వుతోనే మా ఇద్దరికీ స్నేహం కుదిరింది.

ఎందుకు చదువు నేర్చుకోవాలనుకుంటున్నావని అందరినీ అడిగినట్టే ఆమెనూ అడిగాను. అందరూ చెప్పే జవాబులు నాకు తెలుసు. బ్యాంకులో సంతకం, ఫోనులో మెసేజీ, బస్సు బోర్డు. ఆమె అవేవీ చెప్పలేదు.

"మా ఆయనకి చదివి వినిపించాల టీచరమ్మా," అంది.

ఆమె భర్త టైలరు. బజారులో చిన్న కొట్టు ఉండేది, నా జాకెట్లు కూడా కొన్నాళ్ళు ఆయనే కుట్టాడు. వాళ్ళు క్రైస్తవులు. పెళ్ళయిన దగ్గర్నుంచీ వాళ్ళింట్లో రోజూ పొద్దుగూకే వేళకు ప్రార్థన. అప్పుడు ఆయన గ్రంథం తెరిచి ఒక అధ్యాయం పైకి చదివేవాడు, ఆమె విసనకర్ర పట్టుకుని ఎదురుగా కూర్చుని వినేది. పిల్లలు లేరు కాబట్టి వినేది ఆమె ఒక్కతే. ఆయన తనకు నచ్చిన చోట తెరిచి చదివే రకం కాదు. మొదటి పేజీ నుంచి వరుసగా చివరి పేజీ దాకా పోవాలి, అయిపోయాక మళ్ళీ మొదటికి రావాలి. ఒక్క పేజీ కూడా దాటేయకూడదు. అట్లా ఎన్నిసార్లు తిరిగొచ్చాడో ఆయనకే తెలియదట.

తర్వాత షుగరు ఆయన కళ్ళు తీసేసింది. సూదిలో దారం ఎక్కించలేకపోయిన రోజు కొట్టు మూసేశాడు, అక్షరం కనిపించని రోజు గ్రంథం మూసేశాడు. ఆ తర్వాత కిడ్నీల వంతు వచ్చింది. వారానికి మూడుసార్లు నెల్లూరు పోయి డయాలసిస్ చేయించుకోవాలి, తీసుకుపోవాల్సింది ఈమే. ఆ రోజుల్లో షెడ్డు పనీ పోతుంది, నా దగ్గర పాఠమూ పోతుంది.

"చదివి వినిపించడానికైతే ఫోనే చాలు కదమ్మా, ఇప్పుడు అన్నీ దాంట్లోనే ఉండాయి," అన్నాను. చదువు చెప్పడానికి కూర్చున్నదాన్ని అనాల్సిన మాట కాదు. కానీ ఆమె పడే అవస్థ చూసి అనేశాను.

"పెట్టినాం టీచరమ్మా. పాస్టరు గారే ఫోనులో ఎక్కించి ఇచ్చినాడు. ఫోను చదవతా ఉంటే ఈయన నిద్రపోతాడు. మనిషి చదివితే మేలుకోనుంటాడు."

డాక్టర్లు ఎక్కువ రోజులు లేవన్న సంగతి ఆమె ఆ రోజు చెప్పలేదు. మరో రోజు చెప్పింది, అక్షరాలు దిద్దుకుంటూ, తల ఎత్తకుండా. "ఆయన ఉండంగానే నేర్చుకోవాల," అంది. పిల్లలైతే ఈ ఏడు రాకపోతే వచ్చే ఏడు నేర్చుకుంటారు. ఈమెకు ఆ వెసులుబాటు లేదని ఆ రోజు నుంచి నాకు బెంగ పట్టుకుంది.

అక్షరాలు తొందరగానే పట్టుకుంది. గుణింతాల దగ్గర కాస్త ఇబ్బంది పడింది, ఒత్తుల దగ్గర ఏడ్చినంత పని చేసింది. తొలి వానలు పడేసరికి ఒకరోజు చేతిసంచీలోంచి వాళ్ళ గ్రంథం తీసి బల్ల మీద పెట్టింది. నల్ల అట్ట, అరిగిపోయిన మూలలు, టైలరు ఇంటి పుస్తకం కాబట్టి వెన్ను ఊడిపోకుండా గట్టి దారంతో వేసిన కుట్లు. మధ్యలో తెరిచి ఒక కీర్తన మొదలుపెట్టింది. వేలు అక్షరాల కింద నడుస్తోంది, గొంతు ధారగా సాగుతోంది. ఎక్కడా తడబాటు లేదు. ఇన్నేళ్ళ సర్వీసులో ఇంత తొందరగా ఇంత బాగా చదివినవాళ్ళు లేరనుకున్నాను. చప్పుడు చేయకుండా వచ్చి వినమని లైబ్రేరియన్‌కు సైగ కూడా చేశాను.

అప్పటిదాకా కరెంటు లేదు. లైబ్రేరియన్ వచ్చి నిలబడగానే వచ్చింది. మా హాల్లో ఫ్యానుకు మెల్లగా తిరగడం తెలియదు, తిరిగితే తుఫానే. పుస్తకంలో పేజీలు దొంతరగా లేచి అవతలికి పడిపోయాయి. ఆమె వేలు ఏదో కొత్త పేజీ మధ్యలో పడింది. గొంతు మాత్రం ఆగలేదు. అదే కీర్తన, అదే ధార. వేలు కూడా ఏమీ ఎరగనట్టు కొత్త అక్షరాల కింద నడుచుకుంటూ పోయింది.

లైబ్రేరియన్ నా మొహం చూశాడు. నేను ఆమె మొహం చూశాను. ఆమె పేజీ చూసి టక్కున ఆగింది. తర్వాత ముగ్గురికీ నవ్వు ఆగలేదు. కిటికీ దగ్గరి పెద్దమనిషి పేపరు దించి మమ్మల్ని కోపంగా చూసేంత నవ్వు. నవ్వీ నవ్వీ ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ, "కావాలని చేయలేదు టీచరమ్మా. మొదటి మాట చూడంగానే తక్కినదంతా నోట్లోకొచ్చేస్తది. కన్ను వెనకబడిపోతది," అంది. తుడుచుకుంటున్నది నవ్వుతో వచ్చిన నీళ్ళు కావని అప్పుడు తెలిసింది.

ఇన్నేళ్ళు రోజూ వింటూ వింటూ ఆమెకు ఆ గ్రంథంలో చాలా భాగం నోటికి వచ్చేసింది. చదవడానికి ఇప్పుడు అదే అడ్డం. తెలిసిన పేజీ ఏది తెరిచినా నోరు ముందు పరుగెడుతుంది.

"ఇట్టా చదివితే మీ ఆయనకు తెలిసిపోదా?" అన్నాను.

"ఎందుకు తెలీదు? పోయిన వారం ఒకసారి తెరిచి చదివినట్టు చెప్పినా. ‘అది నీకు నోటికొచ్చిందే గదమే, చదివింది కాదు’ అన్నాడు."

"అయితే ఇందులో నీకు నోటికి రాని పేజీలు ఏమన్నా ఉండాయా?"

ఆమె పుస్తకంలో ఎర్ర జాకెట్టు గుడ్డ పేలిక కనిపిస్తున్న చోట తెరిచింది. "ఇది ఆయన ఆపిన చోటు," అంది.

నాకు ఆ గ్రంథం తెలియదు. మాది సంగం ఊరి దగ్గర వరి పండించుకునే కుటుంబం, మా ఇంట్లో చదివేవి వేరు. తొంగి చూస్తే పేజీ నిండా పేర్లే. ఫలానావాడి కొడుకు ఫలానా, వాడి కొడుకులు ఫలానా ఫలానా. కథ లేదు, నీతి లేదు. పేజీ తిప్పితే అదీ అంతే, ఆ తర్వాతదీ అంతే. ఎప్పటి మనుషులో, ఏ దేశపు పేర్లో. తెలుగు చెప్పి తల నెరిసిన నాకే రెండు చోట్ల నోరు తిరగలేదు.

"ఇవి ఎవురికీ నోటికి రావు టీచరమ్మా. చర్చిలో కూడా చదవరు. పాస్టరు గారు ఇంటికొచ్చినప్పుడు, ఇవి దాటేసుకోని ఆదరణగా ఉండే కీర్తన ఏదన్నా వినమంటాడు. ఈయన ఒప్పుకోడు."

"ఎందుకని?"

"‘వాళ్ళూ మనుషులే గదా, పిలిచేవాళ్ళు లేకపోతే వాళ్ళ పేర్లు ఏం గావాల?’ అంటాడు."

ఆ రోజు నుంచి మా పాఠం ఆ పేర్ల పేజీలే.

అంత కష్టమైన వాచకం ఏ పంతులమ్మా పెట్టి ఉండదు. కథైతే ముందు వాక్యం చూసి తర్వాతి మాట ఊహించుకోవచ్చు. పేర్లలో ఊహకు చోటు లేదు. ప్రతి అక్షరం ముట్టుకుని రావాల్సిందే, ప్రతి ఒత్తూ దిగి ఎక్కాల్సిందే. మొదట్లో మధ్యాహ్నమంతా కూర్చుంటే రెండు వరుసలు అయ్యేవి. కానీ ఆమె చదువుతున్నది నిజంగా చదువే. ఒక్కో పేరు పూర్తిచేసి తలెత్తి నా వైపు చూసేది. నేను తల ఊపితే ఆ పేరుగల ఆయన్ని లెక్కలోకి తీసుకున్నట్టు ముందుకు పోయేది. మధ్యమధ్య వాళ్ళ సంసారాల మీద వ్యాఖ్యానం కూడా చేసేది. "ఈయనకి ఇంతమంది కొడుకులంట టీచరమ్మా, ఒక్క ఆడబిడ్డ పేరూ రాయలా. అన్నం ఎవురు వండిపెట్టినారో మరి?" అనేది. నేను ఎప్పుడూ తొందరపెట్టే మనిషిని, ఆ మధ్యాహ్నాల్లో మాత్రం గడియారం వైపు చూడడం మానేశాను.

వరినాట్లు వేసే రోజులొచ్చేసరికి ఆమె ఒక పేజీని తడుముకుంటూ అయినా చివరిదాకా లాక్కుపోయేది. ఇంక ఇంట్లో వినిపించమని నేను పోరు పెట్టాను. ఆమె వినలేదు.

"ఇంకా తడబడతా ఉండా. ఆయన ఎట్టా చదివేవాడో మీరు వినలా. ఎక్కడ ఆపాల, ఎక్కడ సాగదీయాల, అన్నీ తెలుసు. ఆ చెవులకి నేను ఇట్టా ముక్కతా మూలగతా వినిపించేదా?"

"తడబడితే కొంపలేం మునగవు. చదువు."

"సక్కంగా వచ్చినాక చదవతా."

"సక్కంగా ఎప్పుడొస్తాది? ఇదేమన్నా ఇన్‌స్పెక్షనా?" అని కసిరాను. ఆమె పుస్తకం సంచీలో పెట్టుకుంటూ, "క్రిస్మస్‌కి," అంది. "ఆ రోజు తలంటు పోసి, కొత్త చొక్కా వేసి కూచోబెట్టి వినిపిస్తా. ఆయన ఆపిన కాణ్ణించి మొదలుపెడతా. అప్పటికి ఒక్క తప్పు కూడా రాకూడదు." అంత ఇష్టంగా చెబుతుంటే నేను ఇంకేం అనగలను? కానీ ఇంటికి పోయాక కూడా ఆ మాట నన్ను వదలలేదు. అప్పటిదాకా ఆయన ఉంటాడా అని దిగులు.

వానాకాలం ముదిరాక ఒక వారమంతా ఆమె రాలేదు. ఆయనకు ఆయాసం ఎక్కువైందని తెలిసి, సాయంత్రం పూట చూడ్డానికి వెళ్ళాను. చర్చి వెనక సందులో రేకుల ఇల్లు. ముందుగదిలో ఒక మూల కుట్టుమిషను, దాని మీద కప్పిన పాత చీర. గోడ వారగా మంచం. ఒకప్పుడు టేపు మెడలో వేసుకుని నిలబడిన మనిషి ఇప్పుడు దుప్పటి కింద ఉన్నాడో లేడో అన్నట్టు ఉన్నాడు. కాళ్ళు మాత్రం ఉబ్బి ఉన్నాయి. నా గొంతు వినగానే గుర్తుపట్టి లేవబోయాడు. "పడుకో అన్నా, పడుకో," అన్నాను. ఆమె దండెం మీద ఇంకో దుప్పటి ఆరేస్తూ, "ఈ ముసురులో ఉతికింది ఆరి చావదు టీచరమ్మా," అని విసుక్కుంది.

ఇంతలో సందులో కేకలు మొదలయ్యాయి. శ్రీహరికోట నుంచి రాకెట్టు పోయే రోజు. మబ్బు కాస్త విడిచింది, కనిపిస్తుందని అందరూ రోడ్డు మీదికి పోతున్నారు. ఆయన పెళ్ళాం వైపు మొహం తిప్పి, "నువ్వు పోయి చూసొచ్చి ఎట్టుందో నాకు చెప్పు," అన్నాడు. ఆమె పోయింది. నేను అక్కడే కూర్చున్నాను.

ఆమె అడుగుల చప్పుడు దూరమయ్యేదాకా ఆగి ఆయన గొంతు తగ్గించాడు. "టీచరమ్మా, మా ఇంటామె బాగా చదవతా ఉండాది."

నేను ఉలిక్కిపడ్డాను. "నీకు వినిపించిందా అన్నా?"

"లేదు. తెల్లారుజామున వ్యాను వచ్చేలోపల, నీళ్ళు కాగబెట్టుకుంటా దొడ్డి మెట్టు మీద కూచోని చదువుకుంటాది. నేను నిద్రలో ఉండాననుకుంటాది. అది కూచునేది ఈ గోడకి ఆ పక్కనే." చెయ్యి చాపి వేలి కణుపుతో గోడ మీద మెల్లగా తట్టాడు. "రోజూ వింటా ఉండా."

ఆయన మొహంలో దొంగ సంతోషం. అంత జబ్బు మొహంలో అది చూసి నాకు ఏడుపొచ్చింది.

"నేను ఆపిన చోటే పట్టుకుంది గదా. ఆ పేజీలో ఒక పేరుండాది టీచరమ్మా, చాంతాడంత. నాకే అప్పట్లో నోరు తిరిగేది కాదు. దాని కాడికొచ్చి నిలబడిపోతాది. ఒకసారి చూస్తది, ఇంకోసారి చూస్తది, ఇంక కోపమొస్తది. ‘ఏందిరా నాయనా, నీకు పెట్టేదానికి మీ అమ్మకి ఇంకో పేరే దొరకలా? నువ్వు ఆడే కూచో, నేను పోతుండా’ అని తిట్టేసి, వాణ్ణి ఆడే వదిలిపెట్టి తర్వాతోడి కాడికి పోతాది." చెబుతూనే నవ్వాడు. నవ్వు దగ్గులోకి దిగింది. దగ్గు ఆగాక మళ్ళీ నవ్వాడు. "రోజూ అదే తిట్టు. దానికి వినపడకుండా దుప్పటి నోట్లో కుక్కోని నవ్వతా."

"ఫోను కంటే బాగుందా అయితే?" అన్నాను.

"ఫోను తప్పు చదవదు గదా టీచరమ్మా. దాంట్లో వినేదానికి ఏముండాది?"

"మరి వింటున్నానని చెప్పచ్చు కదన్నా. ఆమెకు ఎంత సంతోషంగా ఉంటాది!"

ఆయన తల అడ్డంగా ఊపాడు. "చెప్తే ఆపేస్తది. సిగ్గెక్కువ దానికి. సక్కంగా వచ్చినాక దానంతట అదే వచ్చి కూచోని చదవతాది. ఆ రోజు ఏమీ ఎరగనట్టు వింటా. మీరు చెప్పబాకండి." చెయ్యి చాపాడు. నేను ఆ చేతిలో చెయ్యి వేసి చెప్పనన్నాను.

ఆమె వగర్చుకుంటూ వచ్చి, ఎర్రటి నిప్పు గీత ఎట్లా లేచిందో, మబ్బులో దూరి మళ్ళీ పైన ఎట్లా కనిపించిందో చేతులు తిప్పుతూ చెప్పింది, చూడలేని మనిషికి. ఆయన అంతా విని, "చప్పుడు వచ్చిందా?" అని అడిగాడు. నేను ఆ ఇద్దరినీ చూస్తూ కూర్చున్నాను. గోడకు ఈ పక్క ఒక రహస్యం, ఆ పక్క ఒక రహస్యం. రెండూ ఒకటే. నోరు విప్పితే ఒక్క నిమిషంలో తీరిపోయేదానికి ఇద్దరూ క్రిస్మస్ కోసం కాచుకున్నారు.

క్రిస్మస్ దాకా ఆయన ఉండలేదు. చర్చి మీద నక్షత్రం కట్టిన వారంలోనే, నెల్లూరు ఆసుపత్రిలో డయాలసిస్ మిషను మీద ఉండగానే పోయాడు. వానలో అంబులెన్సు సందులోకి రాలేకపోతే మంచం మీద మోసుకొచ్చారు. ఆమె ఏడవలేదు. వచ్చినవాళ్ళకు కుర్చీలు వేయించింది, తడిసిన పిల్లలకు తువ్వాలు ఇచ్చింది. ఆమెను పట్టుకుని నేనే ఏడ్చాను.

సమాధి అయిన తర్వాత వాళ్ళ పద్ధతి ప్రకారం ఇంటి ముందు షామియానా వేసి ఆదరణ కూడిక పెట్టారు. పాటలు పాడారు, పాస్టరు గారు ఆయన మంచితనం గురించి మాట్లాడాడు. మాట్లాడి, ఆమె వైపు తిరిగి, "అమ్మ ఈ వయసులో చదువు నేర్చుకునింది. ఒక కీర్తన చదవతాది, విందాం," అన్నాడు. మనసులో మంచి ఉద్దేశమే. గ్రంథం తెచ్చి ఆమె చేతిలో పెట్టారు. ఆమె ఆ నల్ల అట్ట మీద చెయ్యి వేసి, తెరవకుండానే తిరిగి ఇచ్చేసింది. కళ్ళు మూసుకున్నా నోటికొచ్చే కీర్తన అది. దాన్నీ చెప్పలేదు. వేరే ఆమె చదివింది.

ఆ తర్వాత ఆమె లైబ్రరీకి రాలేదు. క్రిస్మస్ పోయింది, కొత్త సంవత్సరం పోయింది. షెడ్డుకు మాత్రం పోతోందని తెలిసింది. నేను మధ్యాహ్నం హాల్లో కూర్చుని, ఆమె కూర్చునే బెంచీ వైపు చూసుకునేదాన్ని. కిటికీ దగ్గరి పెద్దమనిషి ఒకరోజు పేపరు దించి, "ఆ రొయ్యల షెడ్డు ఆమె రాలేదేమండీ ఈ మధ్య?" అని అడిగాడు. భర్త పోయాడని చెప్పాను. ఆయన పేపరు మడిచి పెట్టేసి, ఆ రోజు ఇంక చదవలేదు.

నేనే వాళ్ళింటికి పోయాను. మంచం ఎత్తి గోడకు నిలబెట్టి ఉంది. గ్రంథం బీరువా మీద, తువ్వాలులో చుట్టి ఉంది. టీ ఇచ్చి, ఎదురుగా నేల మీద కూర్చుంది.

"ఎందుకు రావడం లేదు?" అన్నాను.

"ఎందుకు రావాల టీచరమ్మా? ఎవురికి చదవాల?"

నేను ఏం చెప్పినా వినేట్టు లేదు. నీ కోసం నువ్వు చదువుకో అన్నాను, ఆయన ఆపిన చోట నుంచి నువ్వు పూర్తి చెయ్యి అన్నాను. ఆమె కాలి బొటనవేలి వైపు చూసుకుంటూ కూర్చుంది. "మీరు చెప్తానే ఉంటిరి. తడబడితే కొంపలు మునగవు, చదవమని చెప్తానే ఉంటిరి," అంది. "నేనే ఇనలా. సక్కంగా రావాల, సక్కంగా రావాల అని కూచుంటి. ఒక్క పేరు కూడా ఇనకుండా పోయినాడు. నా నోటి నుంచి ఒక్క పేరు ఇనకుండా పోయినాడు టీచరమ్మా."

ఆయన చేతిలో చెయ్యి వేసి చెప్పిన మాట నాకు గుర్తుంది. ఆ మాట ఆయన కాచుకున్న రోజు కోసం. ఆ రోజు ఇక రాదు.

"విన్నాడు," అన్నాను. "రోజూ విన్నాడు. తెల్లవారుజామున నువ్వు మెట్టు మీద కూర్చుని చదువుకుంటుంటే గోడకు ఈ పక్క పడుకుని వినేవాడు. నాతో చెప్పాడు, నువ్వు రాకెట్టు చూడ్డానికి పోయిన రోజు. నీకు తెలిస్తే ఆపేస్తావని చెప్పొద్దన్నాడు."

ఆమె నా వైపు జాలిగా చూసింది. నన్ను చూసి ఆమె జాలిపడింది. "నన్ను ఊరడించేదానికి చెప్తుండారు," అంది. "మంచి మనసు మీది. ఆయన అప్పుడు నిద్రలో ఉండేవాడు. మాత్రకి మత్తుగా పడుండేవాడు."

చర్చి చుట్టూ ఉన్నవాళ్ళందరూ ఆ నెలంతా ఆమెకు ఓదార్పు మాటలే చెప్పి ఉంటారు. నాదీ వాటిల్లో ఒకటి అయిపోయింది. లేచి వచ్చేయబోయాను. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటుంటే గుర్తొచ్చింది. వెనక్కి తిరిగి అన్నాను.

"‘ఏందిరా నాయనా, నీకు పెట్టేదానికి మీ అమ్మకి ఇంకో పేరే దొరకలా? నువ్వు ఆడే కూచో, నేను పోతుండా.’"

ఆమె చేతిలోని టీ గ్లాసు కింద పెట్టేసింది. లైబ్రరీలో నా ఎదుట ఆమె ఏ పేరునూ తిట్టలేదు. ఎవరి ఎదుటా తిట్టలేదు. ఆ తిట్టు ఆ మెట్టు మీద, పొయ్యి ముందర, ఆమెకూ ఆ పేరుకూ మధ్య జరిగినది.

ఆమె గోడ వైపు చూసింది. తర్వాత చిన్న గొంతుతో, "నవ్వినాడా?" అని అడిగింది.

"నవ్వాడమ్మా. నీకు వినపడకుండా దుప్పటి నోట్లో కుక్కుకుని నవ్వేవాడంట."

సమాధి రోజు రాని ఏడుపు అప్పుడు వచ్చింది. నేను పక్కన కూర్చుని వీపు మీద చెయ్యి వేశాను. వెక్కిళ్ళ మధ్య ఏదో చెబుతోంది, నాకు మొదట అర్థం కాలేదు. చెవి దగ్గరపెట్టి విన్నాను.

"దుప్పటి కొస తడిగా ఉండేది టీచరమ్మా, రోజూ పొద్దున్నే. జబ్బనుకున్నా. దినామూ ఉతికేసినా."